తండ్రి అడిగిన గడియ

ధ్యాన భాగము: యోహాను సువార్త 4:46–54

కపెర్నహూములో ఒక ప్రధాని కుమారుడు జ్వరముతో మంచము పట్టియుండెను. తండ్రి పాతిక కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము చేసి కానాకు చేరి, ప్రభువును తన యింటికి రమ్మని వేడుకొనెను. ప్రభువు ఆ యింటికి వెళ్లలేదు. మాట మాత్రమే పంపెను. తండ్రి ఆ మాటను నమ్మి తిరుగు ప్రయాణమాయెను. మార్గములో దాసులు ఎదురై బిడ్డ క్షేమమును తెలిపినప్పుడు అతడు మొట్టమొదట అడిగినది ఒక్కటే: జ్వరము ఏ గంటకు విడిచెను?

ఈ ప్రశ్నను అవిశ్వాసముగా ఎంచువారు కలరు. యోహాను అట్లు ఎంచలేదు. గడియను విచారించి తెలిసికొనిన పిమ్మటనే ఆ తండ్రియు అతని యింటివారందరును నమ్మిరని ఆయన వ్రాసెను. జ్వరమును కొలుచుట, గడియను గుర్తించుట విశ్వాసమునకు విరోధము కాదు. అది ప్రేమ చేయు పని.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు సీమలో ఈ వాక్యభాగము మరింత తేటగా బోధపడును. పూర్వపు బస్తరు జిల్లా నేడు ఏడు జిల్లాలుగా నున్నది. శబరి తీరమునగల కోంటా మొదలుకొని ఇంద్రావతి ఆవలి అడవిపల్లెల వరకు గోండీ, హల్బీ, దోర్లీ పలుకులు వినబడును. దోర్లీలో తెలుగు మాటలనేకము కలిసియున్నవి. వానకాలమున వాగు పొంగి దారి మూసికొనిన రాత్రి, బిడ్డ ఒళ్లు కాలిపోవుచుండగా, తల్లిదండ్రుల చేతిలో నుండునది ఒక సెల్‌ఫోను మాత్రమే కావచ్చును.

ఆ చిన్న పరికరము చేయగల మేలు స్వల్పము కాదు. 2020 ఏప్రిల్‌లో రోగులకు ఇంటినుండియే అందుబాటులోనికి వచ్చిన ఇ-సంజీవని ద్వారా దూరమున నున్న వైద్యుడు బిడ్డను తెరమీద చూచి మాటలాడగలడు. 2016లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన కిల్‌కారీ, గర్భిణి నాలుగవ నెల మొదలు శిశువునకు ఏడాది నిండువరకు వారమునకొకటి చొప్పున 72 సందేశములను ఫోనులో వినిపించును. ఫోనులోని గడియారము సహితము పనికివచ్చును. బిడ్డకు దగ్గుగాని ఆయాసముగాని యున్నయెడల, ఏడువక నెమ్మదిగా నున్నప్పుడు ఒక నిండు నిమిషము శ్వాసను లెక్కింపవలెను. రెండు నెలలు నిండి ఏడాది నిండని శిశువునకు 50, ఏడాది మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు 40, లేక అంతకు మించినయెడల అది న్యుమోనియా కావచ్చును; జాగు చేయక ఆరోగ్య కార్యకర్తకు చూపవలెను. బిడ్డ పాలు త్రాగలేకపోయినను, మూర్ఛ వచ్చినను, మగతగా పడియున్నను, ఊపిరి తీయునప్పుడు డొక్కలు లోనికి పోవుచున్నను, ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ప్రార్థన చేయుచున్నామని చెప్పి ప్రయాణము మానుకొనరాదు. ఆ ప్రధాని ప్రార్థనయే ఒక ప్రయాణము.

అయితే పరికరమునకు హద్దులు కలవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, దేశమున తాము స్వయముగా వాడుకొను సెల్‌ఫోను గల స్త్రీలు సుమారు 54 శాతము మాత్రమే. తండ్రి ఫోను తీసికొని పనికి వెళ్లినయెడల తల్లికి సందేశము అందదు. హిందీ స్వరము గోండీ మాత్రమే ఎరిగిన తల్లికి బోధపడదు. 2010లో ఆరంభమైన సీజీనెట్ స్వర, గిరిజనులు సాధారణమైన ఫోనులోనే తమ భాషలో తమ అక్కరలను చెప్పుకొనుటకు దారి తెరచినది ఇందుకే.

మరియు జ్వరము కనబడని రోగము కూడ కలదు. 2020 ఆరంభమున మలేరియా రహిత బస్తరు ఉద్యమములో కార్యకర్తలు ఇంటింటికి వెళ్లి రక్తపరీక్ష చేసినప్పుడు, మలేరియా బయటపడినవారిలో సగమునకు పైగా జనులకు జ్వరమే లేదు. థర్మామీటరులోని అంకె ఆ రోగమును చూపజాలదు. ఎవరో ఒకరు గడప దాటి లోనికి రావలసియుండెను.

సువార్తలోని దాసుల విలువ ఇచ్చట తెలియును. మాట దూరమునుండి వచ్చెను గాని, గడియ తెలిసినది బిడ్డ పడకయొద్ద నున్నవారికే. వారు కనిపెట్టి చూడనియెడల తండ్రి ప్రశ్నకు ఉత్తరము లేకపోయెడిది. బస్తరు పల్లెలలో అట్టి సేవ చేయు స్త్రీని మితానిన్ అందురు. స్నేహితురాలు అని దాని అర్థము. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో ఆరంభమైన ఆ కార్యక్రమమున 60,000కు పైగా స్త్రీలు తమ పొరుగు ఇండ్లను పరామర్శించు పనికి పూనుకొనిరి. 2005 నుండి దేశమంతట ఏర్పడిన ఆశా కార్యకర్తలకు అది మాదిరి యాయెను.

దాసులు చెప్పిన గడియ నిన్నటిది. ప్రభువు మాటకును ఇంటి వార్తకును నడుమ ఒక రాత్రి యుండెను. రోగియైన బిడ్డను ఇంట నుంచుకొని కాపాడు తల్లిదండ్రులెల్లరు ఆ రాత్రిని ఎరుగుదురు. మాటిమాటికి అంకెను చూతురు. అది తగ్గినప్పుడు ఊరట, పెరిగినప్పుడు దిగులు. అంకె చెప్పునది ఈ క్షణపు సంగతి మాత్రమే. తెల్లవారువరకు తోడుండువాడు దేవుడు.

ప్రతి జ్వరము విడుచునని ఈ వాక్యభాగము చెప్పుటలేదు. గడియను అడిగి వేరొక ఉత్తరము వినిన తండ్రులు బస్తరులో కలరు, ప్రతి సంఘములోను కలరు. విశ్వాసము చాలలేదనియు, ముందుగా చూచుకొనవలసినదనియు వారిమీద నింద మోపుట క్రీస్తు మార్గము కాదు. లాజరు సమాధియొద్ద ఆయన ఏడ్చువారితో కూడ ఏడ్చెను.

కాబట్టి సంఘమునకు ఒక పని మిగిలియున్నది. ఫోను గలవారు ఫోను లేని యింటికి వెళ్లవలెను. చదువనేర్చినవారు ఆ యింటి భాషలో సంగతి వివరింపవలెను. బండి గలవారు అర్ధరాత్రి తలుపు తట్టినను లేవవలెను. తల్లి కన్ను మూతపడినప్పుడు మరియొకరు బిడ్డ శ్వాసను లెక్కింపవలెను. దూరమునుండి వచ్చు మాటకు దగ్గర నుండు చేతులు కావలెను.

ప్రార్థన: ప్రభువా, జ్వరముతో నున్న బిడ్డయొద్ద ఈ రాత్రి మేలుకొనియున్న తల్లిదండ్రులకు ధైర్యమును, వివేకమును, తోడుగా ఒక పొరుగువానిని దయచేయుము. ఆమేన్.