పెరటిలో బండ, చెట్టు కింద చోటు

గండికోట వద్ద పెన్నా నది కోసిన లోయలో ఎర్రరాతి పొరలు అరలు అరలుగా కనిపిస్తే, అక్కడికి చేరువలోని జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో పెరటితోటకు కావలసిన ఆసనం నాపరాయి రూపంలో, అంటే పలకలుగా విడివడే సున్నపురాయి రూపంలో, భూమిలోనే దొరుకుతుంది. బయటి ఊళ్లలో కడప బండగా పేరుపొందిన ఈ రాతిపలకను రెండు దిమ్మెల మీద మోకాలి ఎత్తున పరిస్తే, చెదకూ తుప్పుకూ లొంగని అరుగు సిద్ధమవుతుంది. అంచును మాత్రం ఉలితో గుండ్రంగా చెక్కించాలి, లేకపోతే తొడల వెనుక ఒరుసుకుంటుంది.

అయితే నల్లని రాయి ఎండను పీల్చుకొని పొద్దుగూకిన తరువాత కూడా వేడిని విడవదు కనుక, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ సీమలో బండ ఎంత అందమైనదన్న దానికంటే ఎక్కడ వేశారన్నదే ముఖ్యం. ఇంటికి గాని వేపచెట్టుకు గాని తూర్పున వేసిన బండ మధ్యాహ్నం తరువాత నీడలోకి వస్తుంది. దానిపై చెంబెడు నీళ్లు చల్లితే, అవి ఆవిరవుతూ రాతి వేడిని తీసుకుపోతాయి.

చెట్టు చుట్టూ కట్ట, అనగా మొదలును చుట్టి కట్టే అరుగు, నిర్మించేటప్పుడు సిమెంటుతో మొదలు దాకా మూసివేయడం నిజంగా బాధాకరమైన అలవాటు, ఎందుకంటే వేళ్లకు గాలీ నీరూ అందవు. మొదలు చుట్టూ రెండడుగుల మట్టిని వదిలి, బండల సందులను ఇసుకతో నింపితే, అరుదుగా కురిసే వాన నేలలోకి ఇంకుతుంది. ఆ పక్కనే, పగలు గోడకు చేరవేసి రాత్రి వాల్చుకునే నులక మంచానికి ఆరడుగుల ఖాళీ ఉంచడం ఎంతో అవసరం.