క్వార్టరు ఇల్లు, సొంత ఇల్లు



సునాబెడలో హెచ్.ఎ.ఎల్., దామన్‌జోడిలో నాల్కో, రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు. మనలో చాలామందిమి ఈ క్వార్టర్లలో కాపురాలు చేసినవారమే. పెరట్లో మామిడి మొక్క నాటాము, గోడమీద పిల్లల ఎత్తుకు గీతలు గీశాము. రిటైరయ్యాక తాళం అప్పగించి వచ్చాము. అందులో అన్యాయమేమీ లేదు. ఆ ఇల్లు మనది కాదని మొదటినుండీ తెలుసు.

మరి మన పెళ్ళి ఫోటోలు, మరణవార్తలు, పెద్దల జ్ఞాపకాలు ఎవరి ఇంట్లో దాస్తున్నాము?

కొన్నేళ్ళ క్రితం మేము ఒక సంస్థవారి ఉచిత పేజీలో మన తొలితరంవారి ఫోటోలు పెట్టాము. పాస్‌వర్డు తెలిసిన తమ్ముడు ఉద్యోగానికి దూరం వెళ్ళాడు. ఇంతలో పేజీ మూతపడింది. ఎన్నిసార్లు రాసినా జవాబు రాలేదు. మనకే ఇలా జరిగిందనుకోనక్కరలేదు. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మొత్తమే మూతపడింది. విదేశీ కంపెనీలు గనుక అలా చేస్తాయనుకుందామా? తెలుగులోనూ రాసుకోనిచ్చిన మన దేశపు 'కూ' కూడా 2024లో ఆగిపోయింది. మనవాడైనా యజమాని యజమానే.

దీనికి మరో దారి ఉన్నది. జర్మనీలో ఉండే యూజెన్ రోచ్కో 2016లో మాస్టొడాన్ అనే ప్రోగ్రామును విడుదల చేశాడు. అది ఓపెన్ సోర్స్, అంటే ఎలా రాశారో ఎవరైనా చూడవచ్చు, ఉచితంగా తీసుకొని తమ సర్వరుమీద నడుపుకోవచ్చు. రాయగడవారికి ఒక సర్వరు, కొరాపుట్‌వారికి ఒకటి, విశాఖపట్నంలోని బంధువులకు మరొకటి ఉన్నా ఒకరి మాట మరొకరికి చేరుతుంది. 2018లో ప్రమాణంగా ఖరారైన యాక్టివిటీపబ్ అనే పద్ధతి వాటిని కలుపుతుంది. మన సంఘాలు దేనికది స్వతంత్రంగా ఉంటూ అసోసియేషన్‌లో కలిసినట్టే.

వినగానే సంతోషించాము. కాని సొంత ఇంటి కప్పు కారితే ఎక్కవలసింది మనమే. సర్వరుకు నెలనెలా డబ్బు కట్టాలి, నకళ్ళు తీసి దాచాలి. మాస్టొడాన్ డాట్ లోల్ అనే సర్వరును నడిపినవాడు సభ్యుల తగవులతో విసిగి 2023లో దాన్ని మూసేశాడు. అలాంటప్పుడు వేరే సర్వరుకు మారితే మన రాతలు చదివేవారు వెంట వస్తారు గాని పాత రాతలు రావు.

అయినా మమ్మల్ని ఆపింది ఖర్చు కాదు. మాస్టొడాన్‌లో ఇద్దరు చాటుగా రాసుకున్న మాటలను సర్వరు నడిపేవాడు చూడగలడు. (వాట్సాప్ మాటలకు 2016 నుండి తాళం ఉన్నది, కంపెనీ కూడా చదవలేదు.) దూరదేశపు కంపెనీకి మన వీధి గొడవ పట్టదు. అదే తాళంచెవి మన సెక్రటరీగారి చేతిలో ఉంటే? ఎవరి అమ్మాయి ఎవరితో మాట్లాడుతున్నది, ఎవరు ఎవరిని అప్పు అడిగారు, ఇవన్నీ ఆదివారం మనకు ఎదురుపడే మనిషికి తెలుస్తాయి. ఆయన మంచివారే. మంచివారికైనా అన్ని సంగతులు తెలియడం బరువే. మనల్ని పట్టించుకోని దూరపు యజమాని మేలా, అన్నీ చూడగల దగ్గరి యజమాని మేలా? కంప్యూటరు చదివిన మన పిల్లలను అడిగితే అది తమ సబ్జెక్టు కాదన్నారు. నిజమే మరి.

మాకు తోచినది ఇది. సొంత ఇల్లు కట్టుకుందాము, కాని చాటు మాటలు అక్కడ పెట్టవద్దు. అందరూ చూడదగిన ఫోటోలు, వార్తలు, జ్ఞాపకాలు మాత్రమే ఉంచుదాము. ఒడియా బడుల్లో చదివిన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు రావు గనుక పెద్దల మాటలను వారి గొంతులోనే రికార్డు చేద్దాము. కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టినట్టు తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండాలి. ఎవరినైనా తీసివేయాలంటే ఒక్కరి మాట చాలదు.

రాయగడ తాళంచెవికి ఒక సహోదరి పేరు ఇచ్చింది. కొరాపుట్ తాళంచెవికి ఇంకా ఎవరూ దొరకలేదు. అడిగిన ప్రతివారూ పక్కింటివారి పేరు చెబుతున్నారు.