సజీవుల లెక్క

ప్రాతఃకాలమున మా యిండ్లలో జరుగు కుటుంబప్రార్థనలో తఱచుగా వినబడు మాట యొకటి కలదు. గడచిన రాత్రి అనేకులు నిద్రలోనే గతించిపోగా మమ్మును సజీవుల లెక్కలో నుంచినందుకు స్తోత్రమని యింటిపెద్ద పలుకును. తక్కినవారు ఆమేన్ అందురు. అటుపిమ్మట కాఫీ వచ్చును. బాల్యమునుండి వినుచు వచ్చిన యీ మాటలో చిరకాలము నాకే విపరీతమును తోచలేదు. తోచినది మొదలుగా మాత్రము, ఆ మాట వచ్చినపుడెల్ల ఆమేన్ అనుటకు నా నాలుక క్షణకాలము జంకుచున్నది. రాత్రి గతించిన యా అనేకుల యిండ్లలో ఈ యుదయమున ఏ ప్రార్థన జరుగుచుండును? వారి పేళ్లను సజీవుల లెక్కనుండి కొట్టివేసినవాడు వేఱొకడా? ఒక్కడే యైనచో, కొట్టివేయబడిన పేళ్లను వానికే చూపి, మా పేరు నిలిచినందుకు సంతోషమని చెప్పుట యెట్టి భక్తి?

అన్నము ముందర పెట్టుకొని, తినుటకు లేనివారెందరో యుండగా మాకీ యాహారము ననుగ్రహించితివని తలవంచుటయు ఇట్టిదే. నా పళ్లెములోని మెతుకులు అనుగ్రహమని నాకు తెలియుటకు ఎక్కడనో యొకడు పస్తుండవలసి వచ్చుచున్నది. వాని యాకలి నా స్తోత్రమునకు కొలతబద్ద యగుచున్నది. దేవాలయమునకు ప్రార్థింపబోయిన పరిసయ్యుని గూర్చి మన బోధకులు చెప్పునదంతయు వాని గర్వమును గూర్చియే. గర్వియే కావచ్చును. కాని లూకా వ్రాసిన యా యుపమానమును నిదానించి చదివినచో, వాడు దేవుని నేమియు నడుగలేదు. తాను దొంగ కాకపోవుటయు, వ్యభిచారి కాకపోవుటయు తన ప్రతాపమని చెప్పక, అందులకు దేవునికే కృతజ్ఞత తెలిపెను. రూపమున నది స్తుతిప్రార్థనయే. మన ప్రార్థనలలో నూటికి తొంబది యాచనలే యైయుండ, వాని ప్రార్థన మిక్కిలి మర్యాదగలదని కూడ చెప్పవచ్చును. విషమంతయు ఆవల నిలిచిన సుంకరివైపు త్రిప్పిన యొక్క చూపులో నున్నది. సుంకరియే లేనిచో ఆ స్తోత్రమునకు ముగింపు దొరకకపోయెడిది. మనము సుంకరిని తొలగించి, ఆ స్థానమున రోగిని, నిరుద్యోగిని, బస్సు బోల్తాపడి చచ్చినవానిని నిలిపితిమి. పరిసయ్యుని మాత్రము కదల్పలేదు.

దైవచిత్తమును మనము ప్రశ్నింపరాదని యొక సమాధానము కలదు. ప్రశ్నింపరాదను వారే, చావు తప్పిపోయిన మఱుక్షణమున ఆ చిత్తము తమకు తెలిసినట్లు సాక్ష్యము చెప్పుదురు. చచ్చినవాని విషయమున అగోచరమైన చిత్తము బ్రదికినవాని విషయమున అంత తేటతెల్ల మెట్లయ్యెనో చెప్పరు. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చిన సంగతిని ఎత్తినపుడు క్రీస్తు, వారు యెరూషలేములోని తక్కినవారికంటె అపరాధులు కారనెను. ఎందుకు చచ్చిరో చెప్పలేదు. గోపురము క్రింద పడక మిగిలినవారు స్తోత్రకూడిక పెట్టుకొనవలెనని అసలే చెప్పలేదు. మారుమనస్సు పొందుడని చెప్పెను. ఈ భాగముమీద ప్రసంగములు విననివాడను కాను. కాని బ్రదికిపోయినవారికి ఆయన పెట్టిన పని కృతజ్ఞత కాదని గుర్తించిన ప్రసంగికుడు నాకింకను తటస్థింపలేదు.

పదిమంది కుష్ఠరోగుల కథను ఎదుట పెట్టువారు కలరు. తిరిగివచ్చి సాగిలపడిన యొక్క సమరయుని క్రీస్తు మెచ్చలేదా యని వారి ప్రశ్న. మెచ్చెను, తొమ్మండుగురేరి యని కూడ నడిగెను. అయినను ఆ కథలో పదుగురును శుద్ధులైరి. తన తోడివాని శరీరము కుళ్లుచుండగా తనది బాగుపడినదని ఆ సమరయుడు పాడవలసిన యవస్థ రాలేదు. అట్టి స్తోత్రమునకు పిలిచినచో నేనును గొంతెత్తి పాడుదును.

ఈ తర్కము నాకు సంపూర్ణముగా కుదిరినదని నమ్ముచున్న దినములలో దివిసీమకు పోవుట సంభవించెను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, శనివారము, బంగాళాఖాతము కృష్ణానది ముఖద్వారమునకు ఇరుప్రక్కల నేలమీదికి ఎక్కివచ్చి, నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతముల గ్రామములను నిలువునా ముంచివేయగా, ప్రభుత్వపు లెక్కకే పదివేలమంది వఱకు మరణించిరి. నీరు తాటిచెట్టెత్తున వచ్చినదని అచటివారు చెప్పుదురు. చూచినవారి మాటను అతిశయోక్తి యనుటకు నాకు ధైర్యము లేదు. మఱునాడు ఆదివారము. ఆ యాదివారమున ఆ పల్లెలలో ఆరాధన జరిగి యుండదు. నేను పోయినది కొన్ని సంవత్సరముల పిమ్మట, ఉప్పెన జ్ఞాపకార్థముగా ఒక లంకగ్రామపు గుడిలో పెట్టిన కూడికకు. పాటలైన తరువాత అయ్యగారు, సాక్ష్యము చెప్పువారెవరైన లేవవచ్చుననగా, నడివయస్సువాడొకడు లేచి నిలిచెను. ఆ రాత్రి తన యిల్లు పోయినదనియు, నీటిలో కొట్టుకొనిపోవుచుండగా ఒక తాటిచెట్టు చేతికి దొరకినదనియు, తెల్లవారువఱకు దానిని కౌగిలించుకొని యుంటిననియు, ఆ చెట్టును దేవుడే తన కొఱకు అక్కడ మొలిపించెననియు వాడు చెప్పెను. చెప్పుచున్నంతసేపు వాని ముంజేతులు ఆ చెట్టును ఇంకను పట్టుకొనియున్నట్లు రొమ్మునకు హత్తుకొనియే యుండెను. చాపలమీద కూర్చున్నవారు స్తోత్రమనిరి. స్త్రీల వరుసలో గోడకానుకొని కూర్చున్న వృద్ధురాలొకతె కూడ స్తోత్రమనెను. ఆమె ముగ్గురు బిడ్డలును ఆ రాత్రియే పోయిరని అంతకుముందే నాకెవరో చెప్పియుండిరి.

నా కోపము వానిమీదనో, స్తోత్రమన్న వారందఱిమీదనో, అయ్యగారిమీదనో నాకే తెలియలేదు. ఆ చెట్టును మొలిపించినవాడు మఱి మూడు చెట్లను మొలిపింపలేకపోయెనా? కూడిక ముగిసిన పిమ్మట భోజనముల యేర్పాటు జరుగుచుండగా, ఆమె గుడి వెనుక పొయ్యియొద్ద బియ్యము కొలుచుచు కనబడెను. ఆమె పక్షమున మాటాడవలెనని పోయితిని.

“ఆయన అలా చెబుతుంటే మీకు కష్టం అనిపించలేదా అమ్మా?”

“కష్టమెందుకు బాబూ? ఆ రేత్రి ఒక్కడన్నా బతికాడని ఎవరో ఒకరు చెప్పాలిగా. ఆడు కూడా నోరు మూసుకుంటే ఇంక అదంతా చావేగా.”

నేను నోట మాట లేక నిలిచితిని. ఆమె సోలతో కొలిచి పోయుచు, పోసినపుడెల్ల ఒక పిడికెడు తీసి ప్రక్కనున్న ముంతలో వేయుచుండెను. పిడికెడు బియ్యపు మొక్కుబడి మన సంఘములలో నెఱుగనివారు లేరు. అన్నము వండునపుడు గృహిణి యొక గుప్పెడు దేవుని పేర తీసి దాచి, ఆదివారమున గుడికి తెచ్చును. రొక్కము కంటబడని కూలివారి పల్లెలలో కాపరులును, బైబిలు స్త్రీలును చాలవఱకు ఈ గుప్పెళ్లమీదనే బ్రదికిరి. ఇంత జరిగియు మీరు దేవునికి కృతజ్ఞత చెల్లించుచున్నారే యని, మెచ్చుకోలువలె ధ్వనించు మాట యేదో పలికితిని.

“కృతజ్ఞతో ఏమో నాకు తెలవదు బాబూ. ముగ్గురు పిల్లలకని కొలిచిపోసిన చెయ్యి. ఆళ్లు పోయినా చెయ్యి ఆగలేదు, ఎసట్లో ఎక్కువే పోసేది. పొద్దస్తమానం మిగిలిన కూడు చూసుకుంటా కూచోలేక ముందే తీసి గుడికిస్తన్నా. అయ్యగారు కృతజ్ఞత కానుకని రాసుకుంటారు. రాసుకోనీ.”

సంఘపు పుస్తకములో ఆ ముంతకు ఎదురుగా వ్రాయబడిన పేరు అబద్ధమని చెప్పవలెనా? ఆ స్త్రీ దేనికిని కృతజ్ఞత చెప్పలేదు. తనను సజీవుల లెక్కలో నుంచినందుకు ఆమెకు సంతోషమున్నదని కూడ నేను నమ్మజాలను. అయినను నేను చూచిన కానుకలలో కానుక యనదగినది అదియే. ఇక్కడనే నా తర్కము చెదరిపోయెను. కృతజ్ఞత తోడివాని లేమిని చూపి పుట్టరాదని వాదించితిని. ఇక్కడ ఒక కానుక స్వంతలేమినుండియే పుట్టి, కృతజ్ఞత యను పేరునే లెక్కచేయక, ఎవనికో అన్నమై పోవుచున్నది. మఱియు నేను ఎవరి పక్షమున వాదింపబోయితినో ఆమెయే ఆ తాటిచెట్టువాని సాక్ష్యమునకు స్తోత్రమని పలికినది.

కానుక మాత్రమే కాదు, సమస్త కళయు కృతజ్ఞతనుండి పుట్టునని మన వేదికలమీద చెప్పుట పరిపాటి. సృష్టికర్తకు ప్రతిగా మనుష్యుడు చేయు చిన్నసృష్టియే పాటయు, పద్యమును, శిల్పమును అందురు. పురుషోత్తమ చౌధరి (1803–1890) వలె, పూర్వము ఇతర దేవతలను పాడిన తెలుగు కీర్తన బాణీలోనే, రాగతాళములతో క్రీస్తును పాడినవారిని చూచినపుడు ఈ మాట కొంతవఱకు ఒప్పుకొనవలసినదే. కాని వినుకొండలో క్రైస్తవకుటుంబమున పుట్టిన జాషువను ఏమి చేయుదుము? 1964లో అకాడమీ బహుమానము పొందినది ‘క్రీస్తు చరిత్ర’ యైనను, తెలుగువాని గుండెలో నిలిచినది 1941నాటి ‘గబ్బిలము’. అది స్తోత్రము కాదు, ఫిర్యాదు. గుడిలోనికి రానీయబడని యొక యస్పృశ్యుడు, గుడిలో నిర్భయముగా తలక్రిందులుగా వ్రేలాడు గబ్బిలమును బతిమాలి, తన దుఃఖమును కాశీవిశ్వనాథుని చెవిని వేయుమని పంపుట. చేరవలసిన చిరునామా కాశీదైనను, ఆ మొఱ పెట్టు పద్ధతి జాషువ చిన్ననాడే విన్న బైబిలుది కాదని ఎవరనగలరు? దావీదు కీర్తనల గ్రంథములో ఎందాక నీవు మఱచియుందువని దేవుని నిలదీయునవి స్తుతిగీతములకు తీసిపోవు సంఖ్యలో లేవు. విలాపమే పేరుగాగల గ్రంథ మొకటి ప్రత్యేకముగా నున్నది. మనము మాత్రము కూడికలో ఫిర్యాదు చేయువానిని అవిశ్వాసి యందుము. పురాణకథలు వ్రాయుచున్నాడని జాషువను వెలివేసిన వారు మనవారే. ఆ వృద్ధురాలి పిడికెడు స్తుతిగీతముల ప్రక్కన చేరునదికాదు, గబ్బిలము ప్రక్కన చేరును.

దీనినిబట్టి కృతజ్ఞత కూడికలన్నియు సరియైనవే యని నేను లోబడితినని తలంపవద్దు. మెడికల్ కాలేజీలో డొనేషను కట్టి కొన్న సీటునకు కృతజ్ఞత కూడిక. పై యధికారిని పట్టుకొని మార్పించుకొన్న బదిలీకి కృతజ్ఞత కూడిక. రిజిస్ట్రేషనులో సగము ధరయే చూపిన స్థలముమీద కట్టిన యింటికి అయ్యగారిచేత ప్రతిష్ఠాప్రార్థన. వీటిలో దేవునికి చెప్పునది స్తోత్రము కాదు, మనము చేసిన పనికి ఆయనచేత చేవ్రాలు పెట్టించుట. కోతపండుగనాటి వేలములో ఒక సొరకాయను పది సొరకాయల వెలకు పాడుకొని సంఘమంతటిచేత మెప్పుపొందిన పెద్దమనిషియే, మఱునాడు బజారులో కూరగాయల గంపదానితో రూపాయి కొఱకు గీచిగీచి బేరమాడును. మొదటిది భక్తి, రెండవది లోకవ్యవహారమని వాని నమ్మకము. ఆ గంపదియు మన సంఘస్థురాలే.

తాటిచెట్టు పట్టుకొన్నవాడు ఎవని చేతినుండియు చెట్టును లాగుకొనలేదు. అందుచేతనే బిడ్డలు పోయిన తల్లి వాని ముందర కూర్చుండి వినగలిగెను, వాడును ఆమె వినుచుండగా చెప్పగలిగెను. పరిసయ్యుడు సుంకరిని చూపి చెప్పెను గాని సుంకరితో చెప్పలేదు. సీటు కొన్నవాడు, ఆ సీటు రావలసియుండి రానివాని యెదుట నోరు విప్పలేడు. ఇంతవఱకు నాకు స్పష్టముగానే యున్నది. స్పష్టము కానిది నా పళ్లెములోని యన్నము. అది తాటిచెట్టు కోవకు చేరునో, కొన్న సీటు కోవకు చేరునో నేను నిర్ణయింపలేకున్నాను. నేను పస్తుపెట్టినవాడెవడును వచ్చి నా గుమ్మమున నిలువలేదు; అంతమాత్రమున లేడనియు అనజాలను. ఈ వరిని నాటినవారి కూలి యెంతయో, కోసినవారు ఆ పూట ఏమి తినిరో విచారింపక కొన్న బియ్యమే గదా యిది. కావున భోజనప్రార్థనలో లేనివారి ప్రస్తావన తీసివేయవలెనను నా తొందర కొంత తగ్గినది. దానిని తీసివేసినచో వారి సంగతి తలచుటకు ఆ యింట మిగిలియున్న ఆ యొక్క క్షణమును పోవునేమో.

కృతజ్ఞత కూడిక పెట్టుకొనువారికి మాత్రము నాదొక మనవి. మీరు వ్రాసిన పరీక్షయే వ్రాసి, ఉద్యోగము రాక మిగిలినవాడు మీ పేటలోనే యుండును. అయ్యగారిని పిలుచునపుడు వానిని కూడ పిలువుడు. వెనుక కుర్చీలో గాక ముందటి చాపమీద కూర్చుండబెట్టుడు. దేవుడు మీకు చేసిన మేలంతయు వాని మొగము చూచుచు చెప్పుడు. చెప్పుటకు నోరు రాకపోయినచో, రెండు పాటలు పాడి, భోజనము వడ్డించి, అందఱిని పంపివేయుడు. సాక్ష్యము మఱియొకనాడు చెప్పుకొనవచ్చును.