పుచ్చుకోవడం కూడా నేర్చుకో

హనుమకొండ,
శ్రావణ పౌర్ణమి.

చిరంజీవి అమ్ములుకి,

నీ ఉత్తరం చేరింది. ఫోనులో నాలుగు ముక్కలు కొట్టి ఊరుకోకుండా, అక్కడి తెలుగు బడి ‘మనబడి’లో నేర్చుకున్న తెలుగుతో కాగితం నింపి పంపావు. అక్కడక్కడా ఒత్తులు తప్పినా నాకది పండగే. దసరాకి ముందే నేపాల్ వెళ్ళి, కొండల్లో ఒక ప్రభుత్వ బడిలో క్రిస్మస్ దాకా పిల్లలకి చదువు చెప్పాలన్న నీ నిర్ణయం నాకు బాగా నచ్చింది. డాలస్‌లో పుట్టి పెరిగిన పిల్ల ఈ నెలల్ని ఇలా గడపాలనుకోవడం మన ఇంటికే గౌరవం.

ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. “ఆ పిల్లలకి ఏమీ లేదు చిన్నమ్మమ్మా, వాళ్ళని చూశాక మనకెంత ఉందో తెలుస్తుంది, ఈసారి థాంక్స్‌గివింగ్ నాకు నిజమైన థాంక్స్‌గివింగ్ అవుతుంది” అని రాశావు. నీ మనసు మంచిదని నాకు తెలుసు. ఆ మాట మాత్రం సరైనది కాదు. ఈ ఉత్తరం దాని కోసమే.

తల్లీ, ఆ వాక్యంలో పిల్లలు ఏం చేస్తున్నారో చూడు. నీ అదృష్టం ఎంత పొడుగో చూపించే కొలబద్దలుగా నిలబడ్డారు. వాళ్ళ చెప్పులు తెగి ఉంటేనే నీ బూట్ల విలువ నీకు తెలుస్తుంది. రేపు వాళ్ళ నాన్న డబ్బు పంపి కొత్త చెప్పులు కొనిపిస్తే నీ కృతజ్ఞత ఆ మేరకు తగ్గిపోవాలి కదా? ఎదుటివాళ్ళు లేనివాళ్ళుగా ఉన్నంతకాలమే నిలిచేది కృతజ్ఞత కాదు. ‘హమ్మయ్య, ఆ కష్టం నాకు రాలేదు’ అనుకోవడం అది. మనుషులం కనుక ఆ ఊరట మనకి కలుగుతుంది, అందులో నేరం లేదు. దానికి కృతజ్ఞత అని పేరు పెట్టుకోవడమే నాకు నచ్చదు.

కృతజ్ఞతకి అవతలి వైపు ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. ఎవరో ఇచ్చారు, నేను తీసుకున్నాను, ఆ సంగతి నాకు గుర్తుంది. అంతే. దేవతలకీ ఋషులకీ పితరులకీ ఋణపడే పుడతామని మన పెద్దలు చెప్పారు. చదువు చెప్పినవాళ్ళ ఋణాన్ని చదివీ, చదివించీ తీర్చుకోమన్నారు గాని, చదువు లేనివాళ్ళని చూసి మురిసిపొమ్మని ఎక్కడా చెప్పలేదు.

2015లో నేపాల్‌లో భూకంపం వచ్చిన కొన్ని నెలలకి నేను నువాకోట్ జిల్లాలో ఒక ఊరి బడిలో ఉన్నానని నీకు తెలుసు. ఆ ఏప్రిల్ 25 శనివారం. నేపాల్‌లో శనివారం బళ్ళకి సెలవు. దాదాపు 9,000 మంది ప్రాణాలు తీసిన ఆ భూకంపం, బళ్ళు నడిచే రోజున అదే మిట్టమధ్యాహ్నం వచ్చి ఉంటే ఏమై ఉండేదో అక్కడి టీచర్లు తలుచుకోవడానికే భయపడేవారు. తరగతి గదులే 30,000కు పైగా కూలాయి, బీటలు వారాయి. అయినా మే 31న బళ్ళు తెరిచారు. వెదురు బొంగులు, రేకులు, టార్పాలిన్లు, కింద మట్టి నేల. నేను వెళ్ళేసరికి మా బడి కూడా అలాగే ఉంది.

హిందీ పండిట్‌గా రిటైరయినదాన్ని కనుక, నేపాలీ కూడా దేవనాగరిలోనే ఉంటుంది కాబట్టి బోర్డు మీది రాత చదవగలిగాను. మాట నేర్పింది మాత్రం పిల్లలే. నేను తప్పు పలికితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, మళ్ళీ పలికించేవాళ్ళు. మర్నాడు అడిగి మరీ పరీక్షించేవాళ్ళు! మాది తెలంగాణ అని చెప్పినప్పుడు నాలుగో తరగతి కుర్రాడొకడు, మీ ఊళ్ళో నాన్నలు కూడా ఖతర్ వెళ్తారా అని అడిగాడు. వెళ్తారు, కరీంనగర్ నుంచీ నిజామాబాద్ నుంచీ ఎంతోమంది వెళ్తారు, దుబాయ్, ఖతర్, సౌదీ, అన్ని చోట్లకీ వెళ్తారని చెప్పాను. వాడు లేచి నిలబడి, అయితే మా నాన్నకి మీవాళ్ళు తెలిసే ఉంటారని తరగతికంతా ప్రకటించాడు. ఆ రోజు నుంచి నేను వాడి లెక్కలో చుట్టాన్ని. నేను వాడికి సాయం చెయ్యడానికి వచ్చానన్న ఊహే వాడికి లేదు. వాళ్ళ నాన్నతో కలిసి పనిచేసేవాళ్ళ ఊరి నుంచి వచ్చాను, అందుకని నన్ను చూసుకోవలసిన బాధ్యత తనదనుకున్నాడు. వాన పడితే చెయ్యి పట్టుకుని గట్టు దింపేవాడు.

ఆ ఏడాది భారత్ వైపు సరిహద్దు మూతపడి గ్యాసు, పెట్రోలు, మందులు అన్నిటికీ కటకట. దశైన్ వచ్చింది. మన దసరానే వాళ్ళ దశైన్. మొదటి రోజు ఘటస్థాపన నాడు మట్టిలో బార్లీ గింజలు చల్లి, ఎండ తగలని చోట పెడతారు. పదో రోజుకి లేత పసుపు రంగు మొలకలు జానెడు పెరుగుతాయి. వాటిని జమరా అంటారు. విజయదశమి నాడు బియ్యం, పెరుగు, కుంకుమ కలిపి పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ నుదుటి మీద దట్టంగా టీకా పెట్టి, చెవి వెనకో జడలోనో జమరా దోపి, దీవించి, చేతిలో దక్షిణ పెడతారు. పౌర్ణమి దాకా ఇళ్ళ మధ్య రాకపోకలు సాగుతూనే ఉంటాయి. మన దగ్గర జమ్మి ఆకు ‘బంగారం’ అని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకి మొక్కుతాం కదా, ఇక్కడ చిన్నవాళ్ళు పెద్దల దగ్గరకి ఆకు తీసుకుని వెళ్తే, అక్కడ పెద్దల చేతిలోంచి మొలక వస్తుంది. ఊరి చివర వెదురుతో పెద్ద ఊయల కడతారు. దాన్ని చూస్తే అట్లతద్ది గుర్తొచ్చి నా ప్రాణం లేచొచ్చింది.

నన్ను ఉంచుకున్న కుటుంబం ఇల్లు భూకంపంలో కూలిపోయింది. ఆ కుటుంబం రేకుల షెడ్డులో ఉండేది. అయినా ఆ ఇల్లాలు ఒక మూల మట్టి పోసి గింజలు చల్లింది. దశమి నాడు ఎనభై దాటిన ఆ ఇంటి తాత అందరితోపాటు నన్నూ వరసలో కూర్చోబెట్టాడు. టీకా పెట్టి, దీవెన చదివి, నా చేతిలో కొత్త పది రూపాయల నోటు పెట్టాడు. దశైన్‌కి కొత్త నోట్లు తెచ్చుకోవడం అక్కడి ఆనవాయితీ. ఇల్లు పోయిన మనిషి, పండక్కి ముందే గుర్తుపెట్టుకుని, ఎక్కడి నుంచో వచ్చిన టీచరమ్మ వంతుకి కూడా ఒక కొత్త నోటు తెప్పించాడు. కళ్ళకద్దుకుని తీసుకున్నాను. వాళ్ళకే కష్టంగా ఉంటే మనం తీసుకోవడమేమిటని నీకు అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే జాగ్రత్తగా ఉండు. నువ్వు ఇస్తూ పోయి, అవతలివాళ్ళు ఇచ్చేది తీసుకోకపోతే, వాళ్ళకి నీ దగ్గర పుచ్చుకునే పని తప్ప ఇంకో పని మిగల్చవు. తాత ఆ రోజు ఇంటి పెద్ద. దీవించే అధికారం ఆయనది. భూకంపం దాన్ని కూల్చలేకపోయింది. నేను వద్దని ఉంటే ఆ కూల్చే పని నేను చేసి ఉండేదాన్ని.

నీకు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. అక్కడి బ్రాహ్మణ, ఛెత్రి కుటుంబాల్లో ఆడపిల్లని దేవతగా చూస్తారు. మేనమామ మేనకోడలి పాదాలకి తనే దణ్ణం పెట్టి దక్షిణ ఇస్తాడు. తల నెరిసినవాళ్ళు నీ కాళ్ళ వైపు వంగితే ఉలిక్కిపడి వెనక్కి జరగకు. అది వాళ్ళ మర్యాద, నిలబడి స్వీకరించు.

అలాగని ప్రతి పిల్లనీ ‘నీ దశైన్ ఎలా జరిగింది’ అని అడగకు. నువాకోట్ చుట్టుపక్కల తమాంగ్ తెగవాళ్ళు ఎక్కువ, వాళ్ళలో బౌద్ధులు చాలామంది. 1990 తర్వాత దశైన్ తమ పండగ కాదని మానేసిన జనజాతుల వాళ్ళున్నారు, ఎరుపు బదులు తెల్లటి టీకా పెట్టుకునేవాళ్ళున్నారు. తమాంగుల కొత్త సంవత్సరం సోనమ్ ల్హోసార్ మాఘంలో వస్తుంది, అప్పటికి నువ్వు ఉండవు. కనుక వాళ్ళ పండగ సంగతులు ముందే అడిగి తెలుసుకో. ఏ పిల్ల ఇంట్లో ఏ పండగో తెలుసుకోవడం పాఠం చెప్పడంలో భాగమే.

ఇక అసలు గట్టిగా చెప్పవలసింది. సెలవుల్లో కాఠ్మండులోనో పోఖరాలోనో అనాథాశ్రమం చూపిస్తాం, రెండు రోజులు పిల్లలతో గడపండి అని ఎవరైనా పిలుస్తారు. వెళ్ళొద్దు. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధంలో, హుమ్లా వంటి మారుమూల జిల్లాల తల్లిదండ్రుల దగ్గరికి దళారులు వెళ్ళి, పట్నంలో చదివిస్తామని చెప్పి, పైగా వాళ్ళ దగ్గరే డబ్బు తీసుకుని పిల్లల్ని తెచ్చారు. తెచ్చి, అనాథలని చూపించి విదేశీయుల దగ్గర విరాళాలు పట్టారు. అలాంటి ఇళ్ళలో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. భూకంపం తర్వాత ఇదే మళ్ళీ మొదలవుతుందని భయపడి అక్కడి ప్రభుత్వం, పెద్దల తోడు లేకుండా పిల్లల్ని తరలించడం మీద ఆంక్షలు పెట్టింది, విదేశీ దత్తతలు ఆపింది. పండగ పూట తల్లి చేత టీకా పెట్టించుకోవలసిన పిల్లాడు, నీలాంటి మంచి మనసున్న అమ్మాయి వస్తుందని పట్నంలో హాల్లో నిలబడి పాట పాడుతుంటాడు. నువ్వు చూడ్డానికి వెళ్ళినన్నాళ్ళూ వాణ్ణి ఇంటికి పంపడం ఆ ఆశ్రమం నడిపేవాళ్ళకి నష్టం. ఇది ఆలోచిస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

నిజంగా ఎవరూ లేని పిల్లలైతేనో అంటావేమో. వాళ్ళకి కావలసింది కూడా వారానికో కొత్త అక్క కాదు. బుకారెస్ట్‌లో శిశుగృహాల్లోని 136 మంది పిల్లలతో 2000లో మొదలైన అధ్యయనం ఒకటుంది. కుటుంబాల పెంపకంలోకి వెళ్ళిన పిల్లలు చాలా విషయాల్లో కోలుకున్నారు, అదీ రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళు ఎక్కువగా. వదలకుండా ఉండే ఒక మనిషి కావాలి వాళ్ళకి. నీకు క్రిస్మస్‌కి విమానం టికెట్ ఉంది.

బడి వేరు. సాయంత్రం పిల్లలు ఇళ్ళకి పోతారు, నువ్వు వచ్చినా పోయినా వాళ్ళ టీచరు అక్కడే ఉంటుంది. అందుకే నీ పాఠాలు ఆ టీచరు పక్కన కూర్చుని తయారుచెయ్యి. నువ్వు తెచ్చిన బొమ్మల కార్డులూ కథల పుస్తకాలూ ఆవిడ చేత్తో పంచనివ్వు. పిల్లల ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టకు. నీ స్కూలు రోజుల ఫోటోలు ఏ ఊరి అమ్మాయో తీసుకెళ్ళి తన దయకి సాక్ష్యంగా పెట్టుకుంటే నువ్వు ఒప్పుకుంటావా? మళ్ళీ వస్తానని మాత్రం నోరు జారకు. పెద్దవాళ్ళతో అంటే మర్యాద కోసమన్నానని వాళ్ళకి తెలుస్తుంది. పిల్లలు రోజులు లెక్కపెడతారు.

మన దీపావళి రోజుల్లో వచ్చే తిహార్‌కి అక్కడే ఉంటావు, అది నీ అదృష్టం. మొదటి రోజు కాకికి, రెండో రోజు కుక్కకి పూజ. వీధి కుక్కల మెడలో బంతిపూల దండలుంటాయి, నుదుట టీకా ఉంటుంది. ఏడాదంతా ఇల్లు కాసినందుకు ఆ గౌరవం. తర్వాత ఆవు, ఎద్దు. చివరి రోజు భాయ్ టీకా. అక్కచెల్లెళ్ళు అన్నదమ్ముల చుట్టూ నూనెతో గీత గీసి, గడప దగ్గర అక్రోటు పగలగొట్టి, నుదుట ఏడు రంగుల టీకా పెట్టి, బొగడబంతి దండ వేస్తారు. వాడని పువ్వు కదా, ఆయుష్షు కోసం. మన భగినీ హస్త భోజనం కూడా ఆ రోజే, యముడూ యమునల కథే రెండింటికీ మూలం. అన్నదమ్ములు లేని పిల్లవి, ఆ ఊళ్ళో ఏ కుర్రాడో వచ్చి నీ ముందు కూర్చుంటాడు చూడు.

థాంక్స్‌గివింగ్ నాటికి నువ్వు ఆ కొండ మీదే ఉంటావు. మీ ఇంట్లో ఆ గురువారం టర్కీ పక్కన పులిహోర పెట్టుకుని అందరూ ఒక్కో మాట చెప్తారని మీ అమ్మ చెప్పింది. మంచి అలవాటు. ఆ పండగ చరిత్ర కూడా నీకు తెలిసి ఉండాలి. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్ళలో సగం మంది మొదటి చలికాలమే దాటలేదు. మిగిలినవాళ్ళకి మొక్కజొన్న వెయ్యడం నేర్పింది టిస్క్వాంటమ్, అక్కడి మనిషే. అతన్ని 1614లో ఇంగ్లీషువాళ్ళ ఓడ ఒకటి ఎత్తుకుపోయి స్పెయిన్ చేర్చింది. అతను ఎలాగో తిరిగొచ్చేసరికి అంటురోగం అతని ఊరిని తుడిచిపెట్టేసింది. 1621 పంట విందుకి అక్కడి వాంపనోగు జాతివాళ్ళు తొంభై మంది అయిదు జింకల్ని కొట్టి తెచ్చారు. ఆ మాటా మంచీ ఎక్కువకాలం నిలవలేదు. అతిథులు నేలంతా తమదనుకున్నారు. 1970 నుంచి ఏటా అదే గురువారం ప్లిమత్‌లో అక్కడి మూలవాసుల వారసులు సంతాప దినం జరుపుకుంటున్నారు. ఎవరి ఇంటికి వచ్చామో, ఎవరి చేతి తిండి తిన్నామో మరిచిపోయినవాళ్ళు దేవుడికి ఎన్ని దణ్ణాలు పెడితే మాత్రం ఏం? ఆ రోజు నువ్వు ధన్యవాదాలు చెప్పవలసినవాళ్ళు నీ ఎదురుగానే ఉంటారు. నీకు పడక చూపించిన ఇల్లాలు, నీ నేపాలీని సరిదిద్దిన పిల్లలు, తన తరగతిలోకి నిన్ను రానిచ్చిన టీచరు. పేరుపేరునా, వాళ్ళ భాషలో చెప్పు.

వీసా సంగతి ఇప్పుడే తేల్చుకో. టూరిస్టు వీసా మీద జీతం లేని పనైనా చెయ్యకూడదన్నది అక్కడి నియమం. ‘అందరూ అలాగే వెళ్తున్నారు’ అని ఎవరన్నా వినకు, ఇంటివాళ్ళ నియమం పాటించడం అతిథికి మొదటి మర్యాద. మీ అమ్మ భయపడుతోందని రాశావు, దానితో నేను మాట్లాడతాను, ఆ పని నాకు వదిలెయ్యి. నువ్వు మాత్రం హెడ్‌మాస్టరు గారికి రాసి, క్రిస్మస్ తర్వాత నీ తరగతి ఎవరు తీసుకుంటారో అడుగు. ఆ టీచరుతో ఇప్పటి నుంచే పరిచయం పెంచుకో. ఏం జవాబు వచ్చిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
చిన్నమ్మమ్మ