విహారంలో పుణ్యం ఎంత?

గోదావరి ఒడ్డునే ఉన్న రామగుండం, గోదావరిఖనిల సింగరేణి కార్మిక కుటుంబాలు భద్రాచలంలో రామదర్శనం చేసుకొని, పోచవరం రేవులో లాంచీ ఎక్కి పాపికొండల నడుమ పగలంతా గడిపి రావడం తీర్థయాత్రా, వినోదమా అన్నది ధర్మశాస్త్రం ఏనాడో తడిమిన ప్రశ్నే. స్మృతివచనాలను విషయానుసారం కూర్చి వివరించే నిబంధ గ్రంథాలు, పరుల నిమిత్తం తీర్థానికి వెళ్లినవానికి ఫలంలో పదహారో వంతు, ప్రసంగవశాత్తు, అనగా వేరే పని మీద పోతూ తీర్థాన్ని సేవించినవానికి సగం దక్కుతుందని లెక్క చెప్పాయి. ఈ లెక్కలో సున్నా లేకపోవడమే విశేషం. సంకల్పం, అనగా కర్మకు ముందు మనసులో చేసుకొనే నిశ్చయం, లోపించినా నది తన పావనత్వాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోదని శాస్త్రకారులు ఒప్పుకొన్నట్లే. లాంచీలో సినిమా పాటలకు చిందులేసినవారే పేరంటపల్లిలో చెప్పులు విడిచి శివాలయం మెట్లెక్కి, తిరుగుదారిలో నీళ్లలో రూపాయి బిళ్ల వేసి దండం పెట్టుకొంటారు. వారిని భక్తులా, విహారులా అని విడదీయబూనడం పండితుల చాదస్తమే. అయితే చేతులు, పాదాలు, మనస్సు అదుపులో ఉన్నవాడే తీర్థఫలం పొందుతాడని మహాభారత వనపర్వం నియమం పెట్టింది కనుక, తిన్న ప్లాస్టిక్ పళ్లేన్ని గోదావరిలోకి విసిరే చేయి ఆ సగానికి కూడా అర్హం కాదు.