టోటల్ లాస్ అయిన కారును అమ్మవచ్చునా?



ఈ నెల మనము ఆలోచింపదలచిన ప్రశ్న బజారుకు సంబంధించినదే గాని, అది మన యిండ్ల గుమ్మము దాటి లోపలికి వచ్చినది. సెకండ్‌హాండు కార్లు ఇప్పుడు పల్లెలకు చేరినవి. ధాన్యము అమ్మిన సొమ్ముతోనో, చీటీ పాడుకొన్న సొమ్ముతోనో, గల్ఫు దేశమునుండి కుమారుడు పంపిన సొమ్ముతోనో రెండు మూడు లక్షలకు ఒక కారు కొని, దానిని కిరాయికి త్రిప్పుకొని బ్రదుకుచున్న యువకులు అనేక గ్రామములలో కలరు. రాత్రివేళ ఎవరికైన పురుటినొప్పులు వచ్చినయెడల అనేకులు తలుపు తట్టునది ఆ యువకుని యింటినే. అట్టి కార్లలో కొన్ని, ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీవారు "ఇక దీనిని బాగుచేయించుట దండుగ" అని కొట్టివేసినవి. ఆ సంగతి చెప్పక అమ్మినవాడు దోషియా? చవక చూచి, అడుగక కొన్నవానికి దోషములో పాలు లేదా? తెలియక కొని, తరువాత తెలిసికొన్నవాడు ఏమి చేయవలెను? ఈ మూడింటిలో చివరిదే మిక్కిలి కష్టమైనది. దానియొద్దకు పోకమునుపు అసలు సంగతి తిన్నగా తెలిసికొందము.

కారును ఇన్సూరు చేసినప్పుడు దానికి ఒక విలువ కట్టుదురు. దానిని ఐ.డి.వి. అందురు. తయారీదారుని అమ్మకపు ధరలోనుండి బండి వయస్సునుబట్టి కొంత తగ్గింతురు. ఏడాది దాటి రెండేండ్లలోపు బండికి 20 శాతము, నాలుగేండ్లు దాటి అయిదేండ్లలోపు బండికి 50 శాతము తగ్గును. ప్రమాదము జరిగిన తరువాత సర్వేయరు వచ్చి, బాగుచేయుటకు ఎంత అగునో అంచనా వేయును. ఆ ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతమును మించినయెడల టోటల్ లాస్ అని వ్రాసి, యజమానికి బండి విలువ చెల్లించి, సాధారణముగా ఆ దెబ్బతిన్న బండిని పాటలో అమ్మివేయుదురు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడుడి. ఆరు లక్షల ధర గల రెండు కార్లకు ఒకే విధమైన దెబ్బ తగిలినది, బాగుచేయుటకు రెండున్నర లక్షలు అగును అనుకొందము. రెండవ ఏట ఉన్న కారు విలువ 4,80,000. అందులో 75 శాతము 3,60,000 గనుక అది షెడ్డుకు పోయి బాగుపడి వచ్చును. అయిదవ ఏట ఉన్న కారు విలువ 3,00,000. అందులో 75 శాతము 2,25,000 గనుక అది టోటల్ లాస్. దెబ్బ ఒక్కటే, ఒకటి బ్రదికినది, ఒకటి చచ్చినది. కనుక టోటల్ లాస్ అనగానే అది రోడ్డెక్కరాని బండి అని భయపడనక్కరలేదు. నేర్పుగల మెకానిక్కు సరియైన భాగములు వేసి బాగుచేసిన బండి ఏండ్ల తరబడి నడువవచ్చును. దానిని ఉన్నదున్నట్లు చెప్పి, తగిన ధరకు అమ్ముటలో మనకు తప్పేమియు కనబడుట లేదు.

అయితే అన్ని దెబ్బలు ఒకటి కావు. 2015 డిసెంబరులో చెన్నపట్టణము, 2020 అక్టోబరులో హైదరాబాదు వరదలలో చిక్కినవి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలు దినముల తరబడి నీటిలో నిలిచినవి. అట్టి నీటిలో మునిగిన కారును కడిగి, ఆరబెట్టి, సీట్లకు క్రొత్త తొడుగులు వేసినయెడల చూపులకు పెండ్లికొడుకువలెనే ఉండును. లోపల తీగెల అతుకులలో నిలిచిన తడి, బురద మాత్రము నెమ్మదిగా తుప్పు పట్టించుచు, నెలలు గడచిన తరువాత ఏ రాత్రియో ఇంజనును నడిరోడ్డుమీద నిలుపును. ఎదురు దెబ్బ తగిలిన కారు సంగతి వేరు. ఈ కాలపు కార్ల ముందుభాగము దెబ్బను తాను మ్రింగి లోపలి మనుష్యులను కాపాడునట్లు నలుగుటకే చేయబడినది. ఒకసారి నలిగినదానిని సుత్తితో సరిచేసి వెల్డింగు పెట్టినయెడల అది రెండవసారి అదే రీతిగా నలుగునని నమ్ముటకు వీలులేదు. ప్రమాదములో తెరచుకొన్న ఎయిర్‌బ్యాగు మరల పనికిరాదు, క్రొత్తది వేయవలెను. దానికి ఖర్చు ఎక్కువ గనుక కొందరు ఖాళీ గూటికి పైమూత అంటించి, హెచ్చరిక దీపము వెలుగకుండ తీగె మార్చి, బండి సిద్ధమైనదందురు. అట్టి బండిలో ముందు సీటున తల్లియు, ఆమె ఒడిలో బిడ్డయు కూర్చుందురు.

ఇంతకంటె చెడ్డ పనియు కలదు. పాటలో తుక్కుబండిని కొనునది బండికొరకు కాదు, దాని కాగితముల కొరకును ఛాసిస్ నంబరు కొరకును. అదే రకము కారును ఎక్కడనో దొంగిలించి, ఆ నంబరు దీనిమీద చెక్కి, చచ్చిన బండి పేరుతో దొంగబండిని త్రిప్పుదురు. మోటారు వాహనముల చట్టము, 1988, 55వ సెక్షను ప్రకారము బండి నాశనమైనను, శాశ్వతముగా పనికిరానిదైనను యజమాని 14 దినములలోనో, వీలైనంత త్వరగానో రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఆర్.సి.ని పంపివేయవలెను. ఇది పాటింపబడినచోట దొంగకు కాగితము దొరకదు. మరియొక మాట: పాటలో పోయిన బండి ఎవరిదో అయినదని పాత యజమాని నిశ్చింతగా నుండరాదు. ప్రమాద నష్టపరిహారము విషయములో రిజిస్టరులో పేరున్నవాడే యజమాని అని సుప్రీం కోర్టు 2018లో తీర్పు చెప్పినది.

ఇంగ్లండులో ఇట్టి బండ్లను తరగతులుగా విడదీయుదురు. తునకలు చేయవలసినది ఒక తరగతి, గూడు దెబ్బతిన్నను బాగుచేయదగినది మరియొక తరగతి. అమెరికాలో హక్కుపత్రము మీదనే ముద్ర పడును. అయినను 2005లో కత్రినా తుఫానులో మునిగిన కార్లను వేరు రాష్ట్రములకు తరలించి అమ్మినవారు కలరు. మన ఆర్.సి.లో యజమాని పేరు, ఇంజను నంబరు, అప్పు ఉన్నదా లేదా అనునవి కనబడును గాని, బండి ఏ నీటిలో మునిగినదో కనబడదు. ఆ చరిత్ర అమ్మువాని నోటిలోనే ఉన్నది. కనుక మన ప్రశ్న తిరిగి ఆ నోటియొద్దకే వచ్చుచున్నది.

చెప్పకపోవుట మోసమా? ఇండియన్ కాంట్రాక్టు చట్టము, 1872, 17వ సెక్షనులో దీనికి గుఱ్ఱపు ఉదాహరణలు వ్రాసియున్నారు. అమ్మువాడు గుఱ్ఱమునకు రోగమున్నదని యెరిగియు, పాటలో పరాయివానికి ఏమియు చెప్పక అమ్మినయెడల అది మోసము కాదు. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కుమార్తె అయినయెడల చెప్పుట అతని విధి. "నీవు కాదనకున్న గుఱ్ఱము మంచిదనుకొందును" అని కొనువాడు అడిగినప్పుడు ఊరకుండినయెడల ఆ మౌనము మాటతో సమానము. ఎయిర్‌బ్యాగు దీపమునకు తీగె మార్చువాడు మౌనముగా నున్నవాడు కాడు, దాచినవాడు. అతని సంగతి చట్టమునకు స్పష్టమే. మిగిలినది వట్టి మౌనము.

చట్టము వ్రాసినవారు తెలివిగలవారే. పరాయివానికిని కుమార్తెకును నడుమ గీత గీయక బజారు నడువదని వారు తలచియుందురు. మన పల్లెలో ఆ గీత ఎక్కడ గీయుదుము? కారు కొనుచున్నవాడు మన వీధివాడు కాకపోవచ్చును; ప్రక్క మండలమువాడు కావచ్చును. కాని రేపు ఆ కారులో ఎక్కువారెవరో అమ్మువానికి తెలియదు. అతని చెల్లెలే కావచ్చును. కొనువాడు చవకకు ఆశపడి తన ప్రాణమును పణముగా పెట్టుటకు ఒప్పుకొన్నను, కిరాయికి ఎక్కువారు అట్లు ఒప్పుకొనలేదు. ఈ బేరములో పాలులేని మూడవవారే దెబ్బ తినుదురు గనుక ఇద్దరి నడుమ మౌనము చెల్లినను వారియెడల చెల్లదని మా అభిప్రాయము.

నిర్గమకాండము 21వ అధ్యాయములోని పొడిచే యెద్దు సంగతి మీరెరుగుదురు. ఎద్దు పొడుచునని యజమానికి మునుపు తెలియనియెడల ఒక తీర్పు. తెలిసియు దానిని కట్టి ఉంచనియెడల మరియొక తీర్పు, మిక్కిలి కఠినమైనది. ఎద్దు అదే, కొమ్ములు అవే. తీర్పు మారినది యజమానికి తెలిసిన దానినిబట్టియే.

ఇప్పుడు మూడవ ప్రశ్న. రెండున్నర లక్షలకు కొన్న యువకుడు, ఆరు నెలలకు సర్వీసింగునకు ఇచ్చినప్పుడు, కార్పెట్టు క్రింద ఎండిన ఒండ్రు ఉన్నదని మెకానిక్కు చూపగా విని దిగ్భ్రమ చెందినాడనుకొందము. అప్పు ఇంకను తీరలేదు. "నన్ను మోసగించినారు, ఈ నష్టము నేనొక్కడనే ఏల మోయవలెను? నాకు అమ్మినట్లే నేనును అమ్మెదను" అని అతడు అనినయెడల, ఆ మాటను తేలికగా కొట్టివేయువారు ఎన్నడును అప్పు కట్టనివారై యుందురు. లక్ష రూపాయలనగా ఒక కుటుంబము ఏడాదిపాటు కూడబెట్టినది కావచ్చును. అయినను పైన చెప్పిన యెద్దు ఇప్పుడు అతనిదే. కొన్న దినమున అతడు నిరపరాధి. ఒండ్రు చూచిన దినమునుండి తెలిసినవాడు. అతనికి జరిగిన అన్యాయము అమ్మినవానిమీద హక్కు ఇచ్చును గాని, ఏమియు చేయని మూడవవానిమీద హక్కు ఇయ్యదు. డీలరు వద్ద కొన్నయెడల, స్వయం ఉపాధికే కొన్నట్లు చూపి, రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. అది కుదరనప్పుడు ఉన్నది చెప్పి తక్కువ ధరకు అమ్ముటయో, భాగములుగా అమ్ముటయో, దీపము, బ్రేకులు, బ్యాగులు సరిచేయించి తానే నడుపుకొనుటయో మిగులును. వీటిలో ఏదియు నష్టము లేనిది కాదు.

అట్టివానిని చూచి "చవకకు పోయి ముంచుకొన్నాడు" అని నవ్వువారు మన సంఘములలోనే కలరు. ఆ నవ్వుకు సిగ్గుపడి నోరు మూసికొని అమ్మివేసినవారు ఎందరో! నవ్వుటకు బదులు, బాగుచేయించు ఖర్చులో కొంత చేబదులిచ్చు పెద్దలు ఉన్నచోట నిజము చెప్పుట ఇంత భారము కాదు.

ఇక కొనువారికి ఒక మాట. మూడు లక్షల బండి రెండుకే వచ్చుచున్నప్పుడు ఏల వచ్చుచున్నదని అడుగకపోవుటలో ఒక సుఖమున్నది. అడిగినయెడల బేరము చెడునేమో యను భయమే మన నోరు కట్టివేయును. అట్లు కొన్నవాడు తరువాత తెలియదనుట సగము నిజమే. చట్టమును, సాధారణ జాగ్రత్తతో తెలిసికొనగలిగినదానిని తెలిసికొనని వానికి మౌనమును గూర్చిన వాదములో పూర్తి సహాయము చేయదు. కనుక సీటుబెల్టును చివరవరకు లాగి మరకలున్నవేమో చూడుడి. స్టెపినీ గుంటలో చేయి పెట్టుడి. తాళము త్రిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపము వెలిగి ఆరవలెను. అసలు వెలుగనేలేదా, అనుమానింపుడి. పాత ఇన్సూరెన్సు కాగితములు అడిగి, క్లెయిము జరిగినదేమో తెలిసికొనుడి. ఛాసిస్ నంబరును ఆర్.సి.తో పోల్చి చూడుడి. ఇవన్నియు చేసిన తరువాత, ఇద్దరు సాక్షులయెదుట, "అన్నా, ఈ బండి నీట మునిగినదా? ఇన్సూరెన్సువారు దీనిని కొట్టివేసినారా? నీవు ఏమియు చెప్పకున్న లేదనియే అనుకొందును" అని నోరు తెరచి అడుగుడి. గుఱ్ఱపు ఉదాహరణలో మూడవది ఇందుకే ఉన్నది. అతడు చెప్పిన జవాబును అమ్మకపు కాగితములో రెండు వరుసలుగా వ్రాయించి, సంతకము తీసికొని, ఆర్.సి.తో కలిపి ఉంచుడి. మీరు ఆ బండిని అమ్ము దినమున ఆ కాగితమును కొనువాని చేతికి ఇయ్యవలసి యుండును.