గడువు తీరిన పుస్తకము, తీరని పౌరత్వము



మన ఇండ్లలోని పెట్టెలలో ఎన్నో కాగితములున్నవి. పొలము పట్టా, పెండ్లి పత్రిక, బాప్తిస్మపు చీటి, బ్యాంకు పుస్తకము, వీటినన్నిటిని ఒక గుడ్డలో చుట్టి పెట్టె అడుగున దాచుకొందుము. సుగ్గికై గుంటూరు మిరపచేలకు పోవునప్పుడు ఆ తాళపుచెవిని కొంగున ముడివేసికొని పోవు తల్లులు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో అనేకులు. ఎలుక కొరకలేదు, చెద పట్టలేదు, దొంగ ఎత్తుకొనిపోలేదు గనుక దాచినది భద్రముగా నున్నదని మన నమ్మకము. అయితే తాళము వేసిన పెట్టెలోనికి సయితము కాలము ప్రవేశించునని మనము తలంచుచున్నామా?

ఆదోని మార్కెట్టులో పత్తి అమ్మి చెక్కు తెచ్చుకొనిన రైతు దానిని మూడు నెలలు దాటనిచ్చినయెడల అది చెల్లదు. 2012 ఏప్రిలు నుండి బ్యాంకులు పాటించు నియమమిది. చెక్కు మీది సంతకము నిజమైనదే, అమ్మిన పత్తియు నిజమైనదే. గడువు మాత్రము దాటినది. పాస్‌పోర్టు సంగతియు ఇట్టిదే.

యెరూషలేమును కన్నులార చూడవలెనను కోరిక నేడు పట్టణపు ధనవంతులకు మాత్రమే చెందినది కాదు. 2008 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము క్రైస్తవ యాత్రికులకు ధనసహాయము చేయ నిశ్చయించెను. 2019 లో, ఏటికి 3 లక్షల రూపాయలకు మించని ఆదాయము గలవారికి ఆ సహాయమును 40,000 నుండి 60,000 రూపాయలకు పెంచెను. ఇందువలన కూలి కుటుంబములకు సయితము ఈ ఆశ కొంత దగ్గరకు వచ్చెను.

ఇట్టి యాత్రకు సిద్ధపడిన ఒక విధవరాలిని మనస్సునకు తెచ్చుకొనుడి. పత్తి తీసిన కూలిలో కొంత, కుమారుడిచ్చినది కొంత, ఏండ్ల తరబడి కూడబెట్టినది. పూర్వము ఎప్పుడో, గల్ఫు దేశములోనున్న కుమార్తె ప్రసవమునకు పోవలెనని పాస్‌పోర్టు చేయించుకొనెను. ఆ ప్రయాణము నిలిచిపోయినందున పుస్తకము పెట్టెలోనే యుండెను. ఇప్పుడు సంఘమంతయు కూడి ఆమెకొరకు ప్రార్థన చేసినది. యొర్దాను నీళ్లు తెమ్మని పొరుగువారు సీసాలిచ్చిరి. పయనమునకు పది దినములున్నదనగా ఎవరో ఆ పుస్తకమును విప్పి చూచిరి. గడువు తీరి నాలుగు నెలలైనది.

ఆమె పుస్తకము దొంగది కాదు. పేరు ఆమెదే, ఫోటో ఆమెదే, ముద్ర ప్రభుత్వపుదే. రాష్ట్రపతి పేరట, ఈమెను ఆటంకము లేక పోనిచ్చి సహాయము చేయుడని అన్యదేశములను కోరిన పుస్తకమది. అయినను నేడు దానిని చూపి విమానమెక్కలేదు. అప్పుడామె, “నేనెవరికి ఏమి అన్యాయము చేసితిని?” అని అడుగును. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఇట్టి ఇంటిలో వినబడు మాటలను ఒక్కొక్కటిగా పరీక్షింతము.

మొదటి మాట: “నాలుగు నెలలే గదా, అధికారి కనికరింపరాదా?” పెద్దవారికి మన దేశపు పాస్‌పోర్టు సాధారణముగా పదేండ్లకు ఇయ్యబడును. చివరి దినమేదో మొదటి దినముననే అందు అచ్చువేయబడును. అంతేకాదు, ఇశ్రాయేలు మొదలైన అనేక దేశములు యాత్రికుని పుస్తకమునకు ఇంకను ఆరు నెలల గడువు మిగిలియుండవలెనని కోరును. అనగా పుస్తకము చావకముందే దాని బలము ఉడిగిపోవును. విమానాశ్రయపు బల్లయొద్ద కూర్చున్నవాడు ఈ గడువును నిర్ణయించినవాడు కాడు, మార్చుటకు అతనికి హక్కును లేదు. తనకు తెలిసినవారికి నాలుగు నెలలు, తెలియనివారికి నాలుగు దినములు విడిచిపెట్టు అధికారియే నిజముగా అన్యాయస్థుడు. మరియు 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము ప్రకారము ఆ పుస్తకము ఎల్లప్పుడును కేంద్ర ప్రభుత్వపు సొత్తు. మన పెట్టెలోనున్నను అది మనకు అప్పగింపబడినదే. అప్పగింపబడిన దానిని దాచుట చాలదు, చూచుచుండవలెను.

రెండవ మాట: “ప్రార్థన చేసితిమి, దేవుడే చూచుకొనును.” ఇది భక్తిగల మాటవలె కనబడును. అయితే నెహెమ్యాను చూడుడి. యెరూషలేము గోడలు పడియున్నవని వినినది మొదలు అతడు కొన్ని నెలలు ఉపవాసముండి ప్రార్థించెను. రాజు అతని కోరికయేమని అడిగినప్పుడు అతడు తడబడలేదు. తిరిగివచ్చు కాలమును చెప్పెను. నది యవతలి అధికారులు తన్ను దాటనిచ్చునట్లు పత్రికలడిగెను. మ్రానులకొరకు అడవి కాచువానికి వేరొక పత్రిక అడిగెను. ఆ నెలలన్నియు మోకాళ్లమీద నున్నవాడు కాగితముల సంగతి మరువలేదు. కావున తేదీ చూచుకొనుట అవిశ్వాసము కాదు. చూడక విడిచి, దానికి విశ్వాసమని పేరు పెట్టుటయే తప్పు.

మూడవ మాటను గొంతు తగ్గించి చెప్పుదురు: “ఎవరికైన కొంత ముట్టజెప్పి తేదీ దిద్దించరాదా?” త్వరగా కావలసినవారికి తత్కాల్ అను న్యాయమైన మార్గము ప్రభుత్వమే ఇచ్చినది. అదియు సమయమునకు అందనియెడల ప్రయాణమును మానుకొనవలెను గాని అక్షరమును దిద్దరాదు. పాస్‌పోర్టును దిద్దినవానికి, లేక అబద్ధము చెప్పి దానిని సంపాదించినవానికి రెండేండ్లవరకు చెర, లేక 5,000 రూపాయలవరకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చునని చట్టమే చెప్పుచున్నది. చట్టము లేకున్నను మన మనస్సాక్షి ఊరకుండునా? అబద్ధపు తేదీ పట్టుకొని సత్యవంతుడైన ప్రభువు నడచిన వీధులు చూచుటకు పోవుట ఎట్టి యాత్ర?

నాలుగవ మాట బావియొద్ద పుట్టును: “ఆమెకు ఆ భాగ్యము లేదు. లోపల ఏదో పాపమున్నది గనుకనే దేవుడు ఆపివేసెను.” ప్రియులారా, ఈ మాట క్రూరమైనది. యోబు స్నేహితులు పలికినది ఇట్టిదే, దేవుడు వారిని మెచ్చుకొనలేదు. పుస్తకములోని మాటలు హిందీలోను ఇంగ్లీషులోను ఉన్నవి, తెలుగులో లేవు. ఆమెకు తెలుగు అక్షరములే అరకొర. ఆ ఇంటిలో పదవ తరగతి చదివిన మనుమడున్నాడు. ఆ సంఘములో కాలేజీకి పోవు యౌవనస్థులున్నారు, ఉపాధ్యాయులున్నారు, కాపరియున్నాడు. ప్రార్థించుటకు అందరును వచ్చిరి, పుస్తకము విప్పి చదువుటకు ఒక్కడును రాలేదు. కావలివాడు ఖడ్గము వచ్చుట చూచియు బూర ఊదనియెడల జనుల రక్తమును ఎవని చేత విచారించెదనని దేవుడు యెహెజ్కేలుతో చెప్పెనో జ్ఞాపకము చేసికొనుడి. చదువువచ్చినవాడు చదువురానివానికి కావలివాడు. అపరాధమును వెదకవలసినచో ఆమె ఒడిలో గాక మన ఒడిలో వెదకుదము.

ఇక ఆ విధవరాలికి ఆదరణ యేమి? ఆమె పాస్‌పోర్టు గడువు తీరినది. ఆమె భారత పౌరత్వము తీరినదా? తీరలేదు. పుస్తకము చెల్లదని చెప్పు ఆ ప్రభుత్వమే, కొత్త పుస్తకమునకు ఆమె ఇచ్చు అర్జీని తన పౌరురాలి అర్జీగా అందుకొనును. పాతదానిమీద రద్దు ముద్ర వేసి తిరిగి ఇచ్చును. కొత్తదానికి సంఖ్య వేరు, మనిషి ఆమెయే. 1950 లో ఆదోనిలో పుట్టినవాడు మద్రాసు రాష్ట్రములోని బళ్ళారి జిల్లాలో పుట్టెను. 1953 అక్టోబరు 1 న ఇల్లు కదలకయే ఆంధ్ర రాష్ట్రమువాడు, కర్నూలు జిల్లావాడు ఆయెను. 1956 లో ఆంధ్రప్రదేశ్ వాడాయెను. కాగితములమీది పేర్లు మారినవి, ఆ తల్లి కన్న బిడ్డ మారలేదు.

ఆత్మసంబంధముగా ఈ రెండు సంగతులను మనము కలిపి పట్టుకొనవలెను. మన పౌరత్వము పరలోకసంబంధమైనదని పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసెను. అది తండ్రి ఇచ్చినది, మన మరపువలన కొట్టివేయబడదు. దూరదేశమున పందులను మేపిన చిన్న కుమారుడు అక్కడను కుమారుడే. సిగ్గుతో గుడి మెట్లు ఎక్కలేని సహోదరుడా, ఈ మాట నీకొరకే. అయితే పదిమంది కన్యకలలో అయిదుగురి దివిటీలు నిజమైన దివిటీలే. నూనె లేదు, తలుపు మూయబడెను. “మా తాతకాలమునుండి క్రైస్తవులము” అని బాప్తిస్మపు చీటిని పెట్టెలో దాచి, పొరుగువానితో ఏండ్ల తరబడి మాటలాడక యున్న సహోదరుడా, ఈ మాటయు నీకొరకే. నీ చీటి నిజమైనదే. దానిని విప్పి ఎంతకాలమైనది?

మాచాని సోమప్పగారు 1938 లో నెలకొల్పిన చేనేత సహకార సంఘమువలన పేరొందిన ఎమ్మిగనూరులో నేతగాండ్రు ఈ సంగతి మనకంటె బాగుగా నెరుగుదురు. పడుగు తరుగుచుండగా నేతగాడు చివరి పోగువరకు నేసి చేతులు కట్టుకొని కూర్చుండడు. పాత పోగుల కొసలు అచ్చులో నుండగనే కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా అతుకును. కొసలు జారిపోయినయెడల పోగులన్నిటిని మరల మొదటినుండి ఎక్కింపవలెను. పాస్‌పోర్టునకు సయితము గడువు తీరుటకు ఒక సంవత్సరము ముందునుండియే అర్జీ పెట్టుకొనవచ్చును. క్షమాపణ అడుగుటకైతే సంవత్సరము ఎదురుచూడ నక్కరలేదు, ఈ సాయంకాలమే చాలును.

కావున, ప్రియులారా, ఈ వారము రెండు పనులు చేయుడి. చదువువచ్చిన యౌవనస్థులారా, మీ వీధిలోని పెద్దల ఇంటికి పోయి, పాస్‌పోర్టేగాని, చెక్కేగాని, మందు సీసాయేగాని, వారు దాచుకొనిన దానిమీది తేదీని వారికి చదివి వినిపించుడి. ఇది దేవునికి ఇష్టమైన పరిచర్య. మరియు మనలో ప్రతివాడును దీపము ఆర్పకముందు తన హృదయపు పెట్టెను తెరచి, నాలో ఏది గడువు తీరియున్నదని ప్రభువును అడుగవలెను. ఆయన చూపించును. చూపించి సిగ్గుపరచడు, క్రొత్తదానిని అనుగ్రహించును.